ఎడమ సీటు

"కుడిచెయ్యి ఏమైందే, ఎడంచేత్తో తిప్పుతున్నావు?" అంది అత్తయ్య.

వంటింటి గుమ్మానికి ఎదురుగా ఆమె మంచం. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి అక్కడే వేశాం, పిలిస్తే నాకు వినపడుతుందని. నేను ఎడంచేత్తో స్టవ్ మంట తగ్గిస్తూ, పెంచుతూ నిలబడ్డాను. చెప్పాను. ఇన్నాళ్ళూ విమానంలో ఎడమ సీటులో కూర్చుని నడిపాను. ఇంజను వేగం తగ్గించడం, పెంచడం కుడిచేతి పని. నేర్పేవాళ్ళు మాత్రం కుడి సీటులో కూర్చోవాలి. అక్కడ చేతులు మారిపోతాయి. రన్‌వే మధ్య గీత కూడా ఉన్నచోట ఉన్నట్టు కనపడదు. నెలరోజులుగా దాని పక్కనే దిగుతున్నాను.

"కొత్త కోడలి అవస్థన్నమాట," అంది అత్తయ్య.

నేను స్కూల్లో సైన్సు చెప్తాను. పెళ్ళికి ముందే ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాను. దానితో విమానం నడపవచ్చు, నడిపినందుకు జీతం తీసుకోకూడదు. పెళ్ళయ్యాక ఆ నియమం నాకు కొత్తగా అనిపించలేదు. పదేళ్ళ తరవాత, సెలవుల్లో గంటగంటా పోగేసుకుని కమర్షియల్ లైసెన్సు సంపాదించాను. ఇక ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష మిగిలింది. "నేలమీద చెప్పే పాఠాలు చాల్లేదా టీచరమ్మా, ఆకాశంలో కూడానా?" అనేవారు మా ఆయన, నవ్వుతూనే. నవ్వుతూ అన్నదానికి నొచ్చుకుంటే తప్పు నాదే అవుతుంది.

ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే ఏమీ తెలియని మనిషికి చెప్పి చూసుకోవాలి. ఇంట్లో నా మాట వినే తీరిక అత్తయ్యకే ఉంది. నేను కూరలు తరుగుతూ పాఠం చెప్పేదాన్ని. ఆమె దిండుకు ఆనుకుని, స్టీలు పళ్ళెం రెండు చేతులా పట్టుకుని మలుపులు తిప్పేది. మొట్టమొదట నేర్పింది విమానం చేతులు మారడం. "కంట్రోల్ మీది," అని నేనంటాను. "కంట్రోల్ నాది," అని ఆమె అనాలి. ఆ మాట చెవిన పడేదాకా నేను చెయ్యి తీయకూడదు. ఒక్క క్షణమైనా విమానం ఎవరి చేతిలోనూ లేకుండా ఉండకూడదు.

"మరి నేను తిరిగివ్వనంటే?"

"పరీక్షలో తప్పిస్తాను."

"తప్పిస్తే తప్పించు. నలభై ఏళ్ళకి ఒకటి చేతికొస్తే వదుల్తానా?"

ఇద్దరం నవ్వాం. తరవాత గిన్నెలు తోముతుంటే ఆ మాటే బుర్రలో తిరిగింది. ఈ ఇంట్లో నా చేతికి వచ్చినదేదీ అలా అడిగి రాలేదు. వంటిల్లు, ఇస్త్రీ బట్టలు, వచ్చేపోయే బంధువులు. అత్తయ్య పడిపోయిన రోజున కూడా ఆయన "నువ్వున్నావుగా," అని ఆఫీసుకు వెళ్ళిపోయారు. నేను "నాది" అన్నానో లేదో వినడానికి ఆగలేదు. అత్తయ్యకు కూడా అన్నీ అలాగే వచ్చి ఉంటాయి. నేనెప్పుడూ అడగలేదు.

కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయడం మొదలుపెట్టిన వారంలో ఆమె అంది, "నన్నొకసారి తీసుకెళ్ళవే."

"ఈ ఆదివారమే వెళ్దాం. పక్క సీట్లో కూర్చోబెట్టి ఊరంతా చూపిస్తాను."

"చూడ్డానికి కాదు. పక్కన కూర్చుని చూడ్డం నాకు కొత్తా? ఒక్క నిమిషం నా చేతికివ్వు."

ఇవ్వవచ్చు. అంత ఎత్తున ఎవరు చూస్తారు? కానీ ఇన్‌స్ట్రక్టర్ కాని మనిషి మరొకరి చేత నడిపించకూడదు. నేను నియమం తప్పని మనిషిని. "పరీక్ష అవనివ్వండి అత్తయ్యా. నా మొదటి స్టూడెంటు మీరే. ఎడమ సీటు మీదే," అన్నాను.

"అయితే తొందరగా పాసవ్వు. నేనేం చిన్నపిల్లని కాదు."

సాయంత్రం ఆ సంగతి ఆయనకు చెప్తే, "అమ్మకంటే తెలీదు, నీకు బుద్ధుండక్కర్లా?" అన్నారు. అత్తయ్య పళ్ళెం తీసి దిండు కింద పెట్టుకుంది.

పరీక్షకు మూడు వారాల ముందు, మధ్యాహ్నం, ఏడో తరగతికి గాలి పీడనం చెప్తుండగా పక్కింటామె ఫోను చేసింది. అత్తయ్య గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. నేను ఇల్లు చేరేసరికి పళ్ళెం మంచం మీద ఉంది. తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

పరీక్ష ముందురోజు ఆయన, "అమ్మ పోయి పట్టుమని నెల్లాళ్ళు కాలేదు. ఇప్పుడీ పరీక్ష ఎవరికోసం?" అని అడిగారు.

"నా స్టూడెంటు కోసం."

ఆయనకు అర్థం కాలేదు. చొక్కా ఇస్త్రీ అయిందా అన్నారు.

"ఇస్త్రీ మీది," అన్నాను. ఆయన "నాది" అనలేదు. అయినా చెయ్యి తీసేశాను.

పాసయ్యాను. ఫ్లయింగ్ క్లబ్‌లో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ కాగితం చేతికిచ్చి, "మొదటి స్టూడెంటు ఎవరో చెప్పండి మేడం, టైము వేస్తాను," అన్నారు. ఈ పూటకు ఒక్కదాన్నే వెళ్ళొస్తానన్నాను.

కుడి సీటులో కూర్చున్నాను. ఖాళీ సీటు బెల్టు వదులుగా ఉంటే కంట్రోళ్ళకు చుట్టుకుంటుంది. ఒంగి, ఎడమ సీటు బెల్టు పెట్టి బిగించాను. పైకి వెళ్ళి, విమానం నిలకడగా సాగుతున్నప్పుడు, "కంట్రోల్ మీది అత్తయ్యా," అన్నాను.

జవాబు వినపడేదాకా చెయ్యి తీయకూడదు. తీయలేదు.