మెట్ల మీద పరీక్ష

ఆ యూనివర్సిటీలో పర్యావరణం, జీవశాస్త్రం చదివేవాళ్లకు ఆఖరి ప్రాక్టికల్ ల్యాబులో జరగదు. ఎవరి నీళ్లు పరీక్షించారో వాళ్ల ముందే నిలబడి ఫలితం చెప్పాలి. అడిగినదానికల్లా జవాబివ్వాలి. విన్నవాళ్లు నమ్మితే పాసు. నమ్మకపోతే మళ్లీ వచ్చే ఏడాదే.

కోడలు తాము కాపురముంటున్న నాలుగంతస్తుల భవనాన్నే ఎంచుకుంది. పిల్లలిద్దరూ బడికి అలవాటుపడ్డాక తనూ పుస్తకాలు పట్టిన మనిషి. ఆమె కాలేజీకి బయల్దేరితే బస్సు కనుమరుగయ్యేదాకా అత్తగారు గుమ్మం వదలదు. ఎవరు గడప దాటినా అదే ఆఖరి చూపేమోనని ఆవిడకు గుబులు. వెళ్లేవాళ్ల వస్తువు ఏదో ఒకటి తుడిచో, సర్దో ఇస్తేగాని మనసు కుదుటపడదు.

ఆదివారం సాయంత్రం అందరూ మెట్ల మీద కూర్చున్నారు. కింద ప్లాస్టిక్ కుర్చీలో, పరీక్ష చూడ్డానికి కాలేజీ నుంచి వచ్చిన మేడమ్.

"అన్ని కుళాయిల నీళ్లూ శుభ్రంగానే ఉన్నాయి" అంది కోడలు.

"నేను వేసిన పైపులమ్మా! ఉండక చస్తాయా?" అన్నాడు ప్లంబరు బాబాయ్.

"నీ పైపుల గొప్పేముందిలే" అంది అత్తగారు. "ల్యాబు నుంచి తెచ్చిన సీసాల అడుగున తెల్లటి పొడి, అదేం మురికో! మా పిల్ల పరువు పోతుందని నేనే మూతలు తీసి, మరిగే నీళ్లతో కడిగి ఆరబెట్టా."

అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. కోడలి వంక చూసింది.

ఆ పొడి సంగతి మెట్ల మీద ఎవరికీ తెలియదు. కోడలు కూడా నవ్వేసి కూర్చుంటే పరీక్ష అక్కడితో గట్టెక్కేది.

"ఆగండి" అంది కోడలు. "నేను చెప్పిన ఫలితం చెల్లదు."

నవ్వులు ఆగిపోయాయి.

"మన నీళ్లలో బ్లీచింగ్ ఉంటుంది. సీసాలో పట్టాక కూడా అది క్రిముల్ని చంపుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికే ఆ పొడి. అది లేకపోతే ల్యాబుకి చేరేలోపు సీసాలో క్రిములు చచ్చిపోతాయి. కుళాయిలో ఉన్నాయో లేవో తెలీదు."

"ఇప్పుడేగా శుభ్రమన్నావ్?" అంది పైఅంతస్తు టీచరమ్మ. "నీ మాట ఏది నమ్మాలి?"

"ఇప్పుడు చెప్పింది నమ్మండి. బస్సు వేళైపోతోందని సీసా అడుగు చూడకుండా పట్టేశాను. తప్పు నాదే."

"మరి ఈసారి మీ అత్తగారిని ఎక్కడ దాస్తావ్?" అన్నాడు ప్లంబరు.

"దాచడమెందుకు బాబాయ్? ఆవిడ చేతే పట్టిస్తా. అంత శ్రద్ధ ఈ భవనంలో ఇంకెవరికుంది?"

"తప్పు నువ్వే బయటపెట్టావు కాబట్టి వచ్చే ఆదివారం మళ్లీ వింటాను" అని మేడమ్ లేచింది.

ఇంట్లోకి రాగానే అత్తగారు కళ్లొత్తుకుంది. "నా మీద కోపంతో హాస్టలుకి వెళ్లిపోతావా?"

"మీ అబ్బాయితో, పిల్లలతో మీరొక్కరే వేగగలరా? ఎక్కడికీ పోను. అన్నం పెట్టండి, ఆకలేస్తోంది."

మరుసటి ఆదివారం కోడలు అదే మెట్టు మీద నిలబడింది. ఈసారి పొడి కడగకుండా సీసాల్లో నీళ్లు పట్టింది అత్తగారే.

"అన్ని అంతస్తుల నీళ్లలోనూ క్రిములున్నాయి. లోపం ట్యాంకులోనే ఉండుంటుంది. అది శుభ్రం చేయించేదాకా నీళ్లు కాచి తాగండి."

నిజమేనా అని ఒక్కరూ అడగలేదు. పొయ్యి మీద గిన్నె పెట్టమని టీచరమ్మ పైకి చూసి కూతుర్ని కేకేసింది. ప్లంబరు పానా తీసుకుని లేచాడు. "పైపులకేం దోషం లేదు, ముందే చెబుతున్నా" అని గొణుక్కుంటూ మెట్లెక్కాడు.

కోడలు మేడమ్ దగ్గరికి వెళ్లింది. "నా పరీక్ష, మేడమ్?"

"వాళ్లని చూశాక కూడా నన్నడుగుతావేంటి?" అంది మేడమ్.

పైనుంచి ప్లంబరు అరుపు వినిపించింది. "అమ్మాయ్! ట్యాంకు మూత పగిలింది. లోపలంతా పక్షి ఈకలు! ఏం చెయ్యాలో నువ్వే వచ్చి చెప్పు!"

కోడలు ఒక్కో అంగలో రెండేసి మెట్లెక్కుతూ పైకి వెళ్లింది.