కాల్చని నీలం

1998 ఫిబ్రవరి పదకొండు, బుధవారం. ఆ రాత్రి అన్నంలోకి చిక్కుడుకాయ కూర, ఉలవచారు. వీరబాబు చారులో మీగడ వేసుకుని రెండుసార్లు కలుపుకున్నాడు. మజ్జిగ మాత్రం వద్దన్నాడు, కడుపులో చోటు లేదన్నాడు. ఏడేళ్ళు గడిచినా కోటిరత్నానికి ఆ కంచం ఇప్పుడే కడిగి బోర్లించినట్టుంటుంది.

పడుకున్న కాసేపటికి గుండెల మీద బరువుగా ఉందన్నాడు. చెమటలు పట్టి పక్క తడిసిపోయింది. ఆమె నాలుగిళ్ళ అవతల ఉన్న బావగారింటికి పరిగెత్తింది. ప్రత్తిపాడులో ఆ వీధి మొత్తానికి జీపు ఉన్నది బుల్లయ్య ఒక్కడికే. ఆయన మంచం మీద లేచి కూర్చుని, "ఉలవచారు వేడి చేసుంటుందమ్మాయ్. ఒట్టి గ్యాసు. సోడా పట్టించు. పొద్దున్నే గుంటూరు తీసుకుపోదాం," అన్నాడు. గోలీసోడా కూడా ఆయనే ఇచ్చి పంపించాడు. తెల్లారకముందే వీరబాబు పోయాడు. జీపు వాకిట్లోనే ఉంది.

పదకొండో రోజున తోడికోడలు వెంకటేశ్వరమ్మ సబ్బునురుగు రాసి ఆమె వేలికున్న ఉంగరం లాగేసింది. "ఈ రాయే తినేసింది నా మరిదిని," అంది, వచ్చినవాళ్ళందరికీ వినబడేలా. ఆ ఉంగరం పెళ్ళయిన ఏడు వీరబాబు మద్రాసు నుంచి తెచ్చింది. సిలోన్ నీలం. ఎండలో చూస్తే నీలంగా ఉండేది, ఇంట్లో బల్బు వెలుతురుకి ఊదారంగుకి తిరిగేది. "ఒక ఉంగరం కొంటే రెండొచ్చాయి. ఇంతకన్నా మంచి బేరం మా వంశంలో ఎవరూ చెయ్యలేదు," అని వీరబాబు నవ్వేవాడు. ఆ ఉంగరాన్ని తోడికోడలు సాగర్ కాలవలోకి విసిరేసింది. కోటిరత్నం నోరెత్తలేదు. అప్పుడామెకి ఏడవడానికే ఓపిక లేదు, ఇంక నోరెక్కడిది.

ఆ తర్వాత ఊళ్ళో అదే కథ నిలబడిపోయింది. ఊసరవెల్లి రాయి అన్నారు, శని రాయి అన్నారు. వీరబాబు గుండెనొప్పి సంగతి ఎవరూ ఎత్తలేదు. జీపు సంగతి అసలే ఎత్తలేదు. ఆమె ఆ నాలుగెకరాల్లో పత్తీ మిరపా తనే వేసింది, తనే మందు కొట్టించింది, తనే గుంటూరు మార్కెట్ యార్డుకి తోలింది. ఎక్కడికెళ్ళినా ఆ మాట ముందే వెళ్ళి అక్కడ కూర్చుని ఉండేది.

2005 మార్చిలో బుల్లయ్య కూతురు లక్ష్మీదుర్గకి సంబంధం కుదిరింది. మగపెళ్ళివారు నగల మాటలకి వచ్చారు. కాబోయే అత్తగారు నీలం రాళ్ళ నెక్లెసు బాగుంటుందేమో అంది. వెంకటేశ్వరమ్మ వెంటనే, "నీలం మా ఇంటికి అచ్చిరాదండీ. మా మరిదిని ఆ రాయే తినేసింది. మా తోడికోడలు పెట్టుకునేది," అంది. కోటిరత్నం అప్పుడు వాళ్ళకి కాఫీ అందిస్తోంది. బుల్లయ్య అవునన్నట్టు తలాడించాడు.

వెంకటేశ్వరమ్మ మాటకి ఆమె ఏనాడో అలవాటు పడింది. ఆ తల ఆడటమే ఆమె భరించలేకపోయింది.

మర్నాడు ముప్పై టిక్కీ బస్తాల మిరపకాయ యార్డులో దింపేసి, అక్కణ్ణుంచి ఆటోలో పట్నం బజారు వెళ్ళింది. మొదటి షాపులో ఏసీ, తెల్లటి ట్యూబులైట్లు. కౌంటరు కుర్రాడు కుర్చీ వేశాడు.

"ఏం కావాలమ్మా?"

"నీలం. ఎండలో ఒక రంగు, దీపానికి ఒక రంగు ఉండేది."

"కలర్ చేంజా? ఉందమ్మా." ఒక రాయి తీసి, దాని మీద చిన్న టార్చి వేసి తీశాడు. నీలం కాస్తా టక్కున ఊదాకి మారింది. లోపల చిన్న మచ్చ కూడా లేదు, కడిగిన సోడా సీసాలా ఉంది.

"ఇది మరీ చెప్పినట్టు వింటోందే," అంది కోటిరత్నం.

కుర్రాడు నవ్వేశాడు. "మిషన్‌లో చేసిందమ్మా. ఉన్నమాట చెప్తున్నా. కానీ ఎవరికీ తేడా తెలీదు."

"నాకు తెలుసుగా. భూమిలోంచి వచ్చింది లేదా?"

ఇంకోటి చూపించాడు. నిండు నీలం, కళ్ళు చెదిరేలా ఉంది. రంగు తిరగడం మాత్రం అంతంతే. "కొలిమిలో కాల్చిన రాయమ్మా. కాలిస్తే రంగు తేరుతుంది. ఇప్పుడన్నీ కాలుస్తారు, అందులో తప్పేం లేదు."

"తప్పని నేనన్నానా? తాలు మిరపకాయలకి నూనె రాసి మెరిపించేవాళ్ళని రోజూ చూస్తా. నాకు కాల్చనిది కావాలి."

"పెట్టుకుంటే రెండూ ఒకటే కదమ్మా."

ఒకటి కాదు. అది ఆ కుర్రాడికి విడమర్చి చెప్పలేదు గానీ, దారంతా ఆమె ఆలోచించుకున్నది అదే. అబద్ధపు రాయి పెట్టుకుని తను నిక్షేపంగా ఉంటే, డూప్లికేటు కాబట్టే ఏం కాలేదంటారు. కాల్చిన రాయి పెట్టుకుంటే, కాల్చినప్పుడే దాని విషం పోయిందంటారు. వాళ్ళు దేనికి భయపడ్డారో సరిగ్గా అదే కావాలి, పిసరంత కూడా తగ్గకూడదు.

వెనక సందులో రాళ్ళు పొదిగే హయాత్ కొట్టుంది. మనిషి పడుకుంటే గోడలకి కాళ్ళు తగిలేంత కొట్టు. ముసలాయన ఆమెని చూసి, ఏం కావాలని అడగడానికి ముందు స్టూలు నీడలోకి జరిపాడు. పొద్దుటి నుంచి ఎండలో తిరిగిన మనిషికి ఆ జరపడమే సగం మజ్జిగ తాగినట్టయింది.

"ఎవరికమ్మా?" అన్నాడు, ఆమె చెప్పిందంతా విని.

"నాకే."

"జాతకం చూపించారా?"

"నా జాతకం ఊరంతా చెప్తూనే ఉందండీ. మీరు రాయి చూపించండి."

ఆయన ఇనప్పెట్టెలోంచి పొట్లం తీశాడు. కందిగింజకన్నా కొంచెం పెద్ద రాయి. గుమ్మంలోకి తీసుకెళ్ళి చూసుకోమన్నాడు. ఎండలో అది పొగమంచు పట్టిన నీలం, మొదటి షాపులో చూసినంత మెరుపు లేదు. తర్వాత ఆయన తలుపు సగం చేరవేసి కొవ్వొత్తి వెలిగించాడు. రాయి టక్కున మారలేదు. నెమ్మదిగా, ఇష్టం ఉండీ లేనట్టు, ఊదాలోకి జారింది.

ఆయన భూతద్దం ఇచ్చాడు. "లోపల చూడండమ్మా. సన్నటి పోగులు కనబడుతున్నాయా?"

"పత్తిలో నారలాగా ఉన్నాయి."

"కాలిస్తే ఆ పోగులు కరిగిపోతాయి. ఇవి తెగకుండా ఉన్నాయంటే దీనికి మంట తగల్లేదని. నా మాట నమ్మక్కర్లేదు, జైపూరు ల్యాబు కాగితం ఉంది, అది కూడా ఇస్తా." కొవ్వొత్తి ఆర్పేసి ఆమె ముఖంలోకి చూశాడు. "తీసుకెళ్ళండి. మూడు రాత్రులు గుడ్డలో కట్టి తలకింద పెట్టుకోండి. పీడకలలొచ్చినా, ఇంట్లో ఏదన్నా జరిగినా తెచ్చి ఇచ్చేయండి, డబ్బు తిరిగిచ్చేస్తా. నీలానికి అందరూ చేసేదే."

"నాకు పరీక్ష అక్కర్లేదండీ."

"మీకు కాదమ్మా. మీ ఇంట్లోవాళ్ళకి. మూడు రోజులు గడిస్తే వాళ్ళే మాట్లాడ్డం మానేస్తారు."

కోటిరత్నం ఆలోచించింది. "అయితే తలకింద వద్దు. వేలికి పెట్టండి."

ఆయన వేలి కొలత తీసుకున్నాడు. వెండి ఉంగరంలో పొదగడానికి గంట పట్టింది. ఆ గంటలో రెండుసార్లు టీ తెప్పించాడు.

సాయంత్రం బస్సు దిగి తిన్నగా బావగారింటికే వెళ్ళింది. వెంకటేశ్వరమ్మ వాకిట్లో బియ్యం ఏరుకుంటోంది. కోటిరత్నం ఆ చేటలోకి చెయ్యి చాపింది.

"నీలం అక్కా. రంగులు మార్చేదే. కాల్చనిది. మూడు రోజులు పరీక్ష, ఇవాళ్టి నుంచి లెక్కపెట్టుకో."

వెంకటేశ్వరమ్మ చేట ఎత్తుకుని వెనక్కి జరిగింది. "నీకేమన్నా మతిపోయిందా? ఇంట్లో పెళ్ళి పెట్టుకుని?"

లోపల్నుంచి లక్ష్మీదుర్గ పరిగెత్తుకొచ్చింది. "ఏదీ పిన్నీ? లైటు కింద పెట్టు." చూసి, "అబ్బ, నాకియ్యి ఒక్కసారి," అంది.

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా," అంది తల్లి.

"చేతులు విరిగితే అది రాయి వల్ల అనరుగా?" అంది కూతురు.

ఆ మర్నాడు పొద్దున బుల్లయ్య బోరు మోటారు కాలిపోయింది. వీధి వీధంతా వచ్చి కోటిరత్నం గుమ్మం వైపు చూసింది. ఆమె పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి, "పోయినేడు కాలినప్పుడు నా వేలికి ఏముంది? అంతకుముందు ఏడు కాలినప్పుడు? ఆ మోటారు ఏటా కాలుద్ది. ఓల్టేజీని అడగండి," అంది. ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగారు.

రెండో రోజు మధ్యాహ్నం మబ్బేసింది. మార్చిలో మబ్బంటే మిరప రైతుకి ప్రాణం పోయినంత పని. ఆమె తన కళ్ళంలో కాయల మీద పట్టాలు కప్పించి, పక్కకి చూసేసరికి బుల్లయ్య కళ్ళం ఎర్రగా పరిచినట్టే ఉంది. ఆయన మోటారు బాగుచేయించడానికి వెళ్ళాడు. కూలీలని తీసుకుని పరిగెత్తింది. గాలికి పట్టా లేచిపోతుంటే ఒక కొస తనే పట్టుకుని రాళ్ళు పెట్టించింది. చినుకులు పడి, అయిదు నిమిషాల్లో వెలిసిపోయాయి. ఎవరి కాయా తడవలేదు. ఆ సంగతి వీధిలో ఎవరూ చెప్పుకోలేదు. తడిసుంటే చెప్పుకునేవాళ్ళు.

మూడో రోజు ఏమీ జరగలేదు. గేదె పాలిచ్చింది. కరెంటు వేళకే పోయి వేళకే వచ్చింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి బుల్లయ్య, వెనకాల వెంకటేశ్వరమ్మ ఆమె ఇంటికొచ్చారు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. వెంకటేశ్వరమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది.

"మిషన్ రాయి అయ్యుంటుంది," అంది. "అందుకే ఏం కాలేదు."

కోటిరత్నం అల్మారాలోంచి ల్యాబు కాగితం తెచ్చి బావగారి చేతికిచ్చింది. ఆయన అది చదవకుండా మడత పెట్టాడు.

"అసలుదే అయితే ఇంకా ప్రమాదం కదమ్మాయ్," అన్నాడు. "మూడు రోజులకి కాకపోతే మూడు నెలలకి. పెళ్ళి ఉంది. వాళ్ళకి మనం ఈ సంగతి చెప్పేశాం. నీ వేలికి చూశారంటే ఏమనుకుంటారు? తిరిగిచ్చేసెయ్. లేదంటే..."

"లేదంటే పెళ్ళికి రావద్దంటారా?"

ఆయన కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు.

కోటిరత్నం ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఈ మాట అనడానికి ఏడేళ్ళుగా భయపడింది.

"బావగారూ, ఆ రాత్రి ఆ రాయి ఆయన్ని ఏం చెయ్యలేదు. నేను మీ గుమ్మంలో నిలబడి అడిగా. జీపు వాకిట్లో ఉంది. మీరు సోడా ఇచ్చారు."

వెంకటేశ్వరమ్మ ఏదో అనబోయింది. బుల్లయ్య చెయ్యెత్తి ఆపాడు. నేల వైపు చూశాడు. ఆయనకి అరవై దాటాయి. ఆ కాసేపట్లో ఇంకా పెద్దవాడిలా కనబడ్డాడు.

"డీజిలు కూడా ఉంది," అన్నాడు చివరికి. "నిద్ర మత్తు. లేవబుద్ధి కాలేదు కోటిరత్నం. అంతే. గ్యాసే అనుకున్నా, నిజంగా అనుకున్నా. పదకొండో రోజున మీ అక్క రాయి అనేసరికి... ఆ మాట పట్టుకున్నా."

ఈ మాట వింటే తను ఏడుస్తుందనుకుంది. ఏడుపు రాలేదు.

"నాకు తెలిసిందే మీరు నాకు చెప్తే ఏం లాభం?" అంది. "రాయి పేరు ఎవరి ముందు చెప్పారో వాళ్ళ ముందు చెప్పండి. నేను కాఫీ ఇస్తూ విన్నా కదా. ఇదీ అలాగే వింటా."

"మగపెళ్ళివాళ్ళ ముందా?" అంది వెంకటేశ్వరమ్మ. "పరువేం కావాలి?"

"నా పరువు ఏడేళ్ళు కాలవలో ఉందక్కా. మీది ఒక పూట తడిస్తే ఆరుతుంది." మళ్ళీ బుల్లయ్య వైపు తిరిగింది. "దుర్గ పెళ్ళికి వస్తా. ఉంగరం పెట్టుకునే వస్తా. ఆలోగా మీరు చెప్తే సరే. లేకపోతే ఎవరైనా ఈ రాయి సంగతి అడిగినప్పుడు నేనే చెప్తా, సోడాతో సహా."

బుల్లయ్య లేచాడు. కాగితం మడతలు విప్పి, అరచేత్తో సాపు చేసి ఆమెకి తిరిగిచ్చాడు. ఇస్తూ ఆమె చేతి వైపు చూశాడు. బల్బు వెలుతురులో రాయి ఊదాగా ఉంది. తమ్ముడు ఆ పాత ఉంగరం మద్రాసు నుంచి తెచ్చిన రోజు మొదట తనకే చూపించాడు. అది ఆయనకి గుర్తొచ్చిందో లేదో కోటిరత్నానికి తెలీదు, ఆమె అడగలేదు.

గుమ్మం దాటాక ఆగాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "ఆదివారం వాళ్ళు లగ్నపత్రికకి వస్తున్నారు. నువ్వు కూడా రా. కాఫీ దుర్గ ఇస్తుందిలే. నువ్వు కూర్చో."

వెంకటేశ్వరమ్మ ఆయన వెనకే నడిచింది. వాళ్ళ వాకిట్లో లైటు వెలిగేదాకా కోటిరత్నం గుమ్మంలోనే నిలబడింది. లోపలికొచ్చి చిక్కుడుకాయ కూర వేడి చేసుకుని, మజ్జిగతో సహా కడుపునిండా తింది. కంచం కడిగి బోర్లించింది. ఉంగరం తియ్యకుండానే చేతులు తుడుచుకుని వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టింది.