ఎడమచేతి రివెట్లు

రివెట్టంటే రేకుల్ని కలిపి పట్టుకునే గుండుతల మేకు. మా ఆయన పడవల షెడ్డులో ముప్పై ఏళ్లు అవే బిగించారు. చెవులు రెండూ ఆ మోతకి ధారపోసి ఇంటికొచ్చారు. వచ్చాకైనా ఊరుకున్నారా? వంటింటి బల్ల సగం ఆక్రమించి, షెడ్డులో కట్టిన లాంచీలనే మూరెడు పొడవున చెయ్యడం మొదలుపెట్టారు. బుల్లి లాంచీకి రివెట్లూ బుల్లివే, ఆవగింజలో సగం. ఒకటి జారిందంటే ఇద్దరం నేలమీద పాకాల్సిందే.

ఒక్కో రివెట్టు చెయ్యాలంటే, చిల్లుపెట్టిన ఇనుప దిమ్మలో ఇత్తడి తీగముక్క నిలబెట్టాలి. పైకి పొడుచుకొచ్చిన కొస మీద, మొనలో గుంట ఉన్న ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యాలి. నిటారుగా పడితే ముత్యంలాంటి గుండు. పక్కకి పడితే చప్పిడిముక్కు.

పోయిన చలికాలం జబ్బుపడి లేచాక ఆయన కుడిచెయ్యి వణకడం పట్టుకుంది. కొట్టినవన్నీ చప్పిడిముక్కులే. ఒకనాడు సుత్తి పక్కన పెట్టేశారు.

"ఈ వారంలో లాంచీ పై వరుసకి సరిపడా రివెట్లు కుదరకపోతే ఈ పనిముట్లు ఎవరికైనా ఇచ్చెయ్యవే. ఇక చాలు."

పని లేకుండా కూర్చున్న మా ఆయన్ని నేనెన్నడూ చూడలేదు. చూసే ఓపికా నాకు లేదు. అందుకని మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు నేనే కొట్టడం మొదలుపెట్టాను. చప్పుడు ఆయనకెలాగూ వినపడదు. ఆయన కొట్టినవి వేసే గిన్నెలో చప్పిడివి తీసేసి నావి పోసేదాన్ని.

నాలుగు రోజులు ఆయన మొహం వెలిగిపోయింది. "చెయ్యి దారికొస్తోందే!" అంటుంటే నాకు లోపల గిలిగింతలు.

అయిదో రోజు భూతద్దం పెట్టి చూశారు.

"ఇవి నావి కావు."

"మరెవరివి, ఎలకలు చేశాయా?"

"ఉలి గుంటలోని గాటు గుండు మీద అచ్చు పడుతుంది. దాన్నిబట్టి చూస్తే ఇవన్నీ పిసరంత కుడికి వాలాయి. నా దెబ్బకి ఎడమకి వాలతాయి. ఈ ఇంట్లో పుర్రచేతివాటం ఎవరిది?"

పుట్టినప్పటినుంచీ నాతో ఉన్న ఎడమచెయ్యి, అదే నన్ను పట్టించింది! ఆయన పనిముట్లు గుడ్డలో చుట్టడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది. చెవి దగ్గర అరిచాను. పక్కింటివాళ్లు కూడా వినే ఉంటారు.

"షెడ్డులో మీరొక్కరే బిగించారేంటి? మీ దెబ్బకి ఆనుగా రేకు అవతల దిమ్మ అదిమి పట్టుకున్నవాడు లేకుండా ఒక్కటైనా నిలిచిందా?"

"వాడు నాకు తెలిసే పట్టుకున్నాడే. నువ్వు తెలియకుండా కొట్టావు."

గిన్నెలో పోసినప్పుడల్లా సాయమనే అనుకున్నాను. నాలుగు రోజులు ఆయన్ని వెర్రివాణ్ణి చేశానని అప్పుడు తెలిసింది.

"తప్పే. ఇప్పుడు చెప్పి చేస్తాను. మీరు ఉలి పట్టుకోండి, నేను కొడతాను."

"వేలు పచ్చడి చేస్తావు."

"చేస్తే అన్నం కలిపి పెడతాలెండి."

నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు. గుడ్డ విప్పారు. మోచేతులు బల్లకి ఆనించి, రెండు చేతులా ఉలిని అదిమిపట్టారు. అంత బరువు పడేసరికి వణుకు తగ్గింది. నేను సుత్తెత్తాను.

"ఆగు! నేను ఊఁ అన్నాక."

మొదటిది ఊఁ అనకముందే కొట్టేశాను. చప్పిడిముక్కు. రెండోది కుదిరింది.

"మెల్లిగా కొట్టవే, అది తీగ, గుంజ కాదు!" అని ఆయన కసురుతూనే ఉన్నారు. నేను కొడుతూనే ఉన్నాను.