దీవి మీద తప్పిపోయిన శుక్రవారం

ఆ దీవికి శుక్రవారాన్ని తెచ్చిపెట్టిన మొనగాడు రాజన్న. ముప్పై రెండేళ్లుగా ఈ మాట రాజన్నే చెబుతున్నాడు కనక అనుమానించవలసిన పనిలేదు.

ఈ పొద్దు కూడా అదే చెబుతూ, నడుం వంచి, ఖర్జూరపు చెట్ల పాదుల్లోకి నీళ్ల పైపు లాగుతున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. తలకు గళ్ల రుమాలు, మోకాళ్ల మీదికి ఎగగట్టిన లుంగీ, ఉప్పుగాలికి పగిలిన మడమలు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. సొరచేప కొరికిందని కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతాడు. పంపు బెల్టు కొరికిన సంగతి పాతవాళ్లకు తెలుసు.

"గాలిదుమారం మూడు దినాలు కొట్టింది. పగలేదో రాత్రేదో ఎరుక లేదు. అందరు దినాలు మరిచిండ్రు. ముఖ్తార్ భాయ్ అయితే గురువారాన్నే శుక్రవారం అన్నడు. నేనే మేకల పాలు లెక్కగట్టి, సముద్రం పోటు లెక్కగట్టి, అసలు శుక్రవారాన్ని పట్టుకొచ్చిన."

"యాడికెల్లి, సముద్రంలకెల్లా?" అన్నాడు పంపు దగ్గరున్న రాజేందర్. నిర్మల్ వైపు మనిషి, దీవికొచ్చి ఏడాదయింది.

"సముద్రంలకెల్లే. తడిసి ఉండె. ఎండకేసిన."

రాజేందర్ నవ్వి, "సరే గాని కాకా, ఈ పొద్దు ముందుగాల ఏ ఊరికి నీళ్లు?" అని అడిగాడు.

"కోరుట్లకు ఇడువు. ఆనంక ఖార్తూమ్‌కు."

ఆ తోటలో వరసలకు ఊళ్ల పేర్లు. మొదట్లో ఎవరు నాటిన వరసకు వాళ్ల ఊరి పేరు పెట్టుకున్నారు. ముఖ్తార్ నాటింది కోరుట్ల. మేకలు కాసే సూడానీ ఇద్రీస్‌ది ఖార్తూమ్. సముద్రమంటే ఏమిటో తెలియకుండా వచ్చిన నేపాలీ కులబహదూర్‌ది పోఖరా. రాజన్నది రాయికల్. నాటినవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు, కొందరు పోయారు కూడా. అయినా నిన్నగాక మొన్న దిగిన బెంగాలీ సైతం "పోఖరాకు పురుగు పట్టింది" అని ఫోర్‌మన్‌కు చెప్పుకుంటాడు.

గల్ఫ్‌లోని అల్ రువైస్ రేవు నుంచి ఆ దీవికి లాంచీలో గంటన్నర. తొంభై రెండులో అక్కడ దిగిన తొమ్మిదిమందికి ఇసుక, మేకలు, ఒక రేకుల షెడ్డు, ఉప్పునీళ్ల బావి తప్ప మరేమీ కనబడలేదు. తాగే నీళ్లు పీపాల్లో లాంచీ మీద వచ్చేవి, అదీ గాలి ఒప్పుకున్నప్పుడే. తొమ్మిదిమందివి అయిదు భాషలు. మొదటి నెలంతా సైగలతో గడిచింది. రెండో నెలకు అన్నిట్లోంచి తలా పిడికెడు తీసి కలిపిన భాష ఒకటి తయారైంది. దాంతో తిట్టుకోవడం ముందొచ్చింది, కష్టం చెప్పుకోవడం తర్వాత వచ్చింది. కులబహదూర్ చలిజ్వరంతో వణికినప్పుడు ఇద్రీస్ తన మేకపిల్లను తెచ్చి వాడి పక్కలో పడుకోబెట్టాడు. దసరానాడు రాజన్న దిగాలుగా కూర్చుంటే ముఖ్తార్ చక్కెరతో జొన్నరొట్టె ముద్ద చేసి, "ఇగ, మీ ఇంటామె భూమవ్వ పంపింది" అని చేతిలో పెట్టాడు.

అలాంటి ముఖ్తార్ ఇవాళ వెళ్లిపోతున్నాడు. క్యాంపు వంటవాడు, అరవై నాలుగేళ్లు. కళ్లకు శుక్లాలు. ఉప్పనుకుని చక్కెర వేయడం రెండుసార్లు జరిగింది. వీసా ఇక పొడిగించేది లేదని కంపెనీ చెప్పింది. నాలుగింటికి లాంచీ. రోజు చూస్తే గురువారం.

"జుమేరాత్ ముఖ్తార్ జుమేరాత్ నాడే పోతుండు!" అంటూ క్యాంపంతా పొద్దుటినుంచి ఆటపట్టిస్తోంది. ఉర్దూలో గురువారాన్ని జుమేరాత్ అంటారు. ఆ పేరు అతనికి మొదటి ఏడాదే అంటుకుంది. అతని ఇంటిపేరు ఎవరూ అడగరు. ఆ పేరుతో పిలిస్తే గరిటె ఊపి నవ్వుతాడు.

రాజన్న మాత్రం ఇవాళ నవ్వలేదు. నీళ్లు కట్టడం ముగించి వంటింటికి వెళ్లి, రోజూలాగే పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోశాడు. పల్చని తెల్లగడ్డం, చెమటకు వీపునంటుకున్న బనీను, పొయ్యి సెగకు వెంట్రుకలు కాలిన ముంజేతులు: ముఖ్తార్ ఎప్పటిలాగే పప్పు కలుపుతున్నాడు.

"ముఖ్తార్ భాయ్."

"బోల్."

"ఏం లేదు. ఉల్లిగడ్డ ఘాటున్నది."

కాసేపటికి మళ్లీ "భాయ్" అన్నాడు. ముఖ్తార్ తలెత్తాడు. "పప్పుల చింతపండు తక్కువెయ్యి" అన్నాడు రాజన్న. మూడోసారి పిలిచేసరికి ముఖ్తార్ గరిటె పక్కనపెట్టి, "ఏంరా, పెండ్లికొడుకు లెక్క సిగ్గువడుతున్నవ్! నాతోని కోరుట్ల దాంక వస్తవా ఏంది?" అన్నాడు.

రాజన్న లేచి బయటికి నడిచాడు. ముప్పై రెండేళ్లు కడుపులో దాచిన మాట అది. లాంచీ కదిలిందంటే ఇక ఎవరికి చెప్పినా దండగే. ఒక్క ముఖ్తార్‌కు చెబితే కూడా సరిపోదు. పేరు పెట్టింది క్యాంపు, తీసేయవలసిందీ క్యాంపే.

మధ్యాహ్నం పందిరి కింద చాప మీద పద్నాలుగు మంది కూర్చున్నారు. పళ్లాల్లో అన్నం, పప్పు, వేయించిన చేప. బెంగాలీ ఎవరో "జుమేరాత్ చాచా, ఇంకొంచెం" అన్నాడు. రాజన్న చెయ్యి కడిగేసుకున్నాడు, ఒక ముద్దయినా తినకుండానే.

"ఆ పేరు ఆయనది కాదు, నాది," అన్నాడు, అందరికీ అర్థమయ్యే దీవి భాషలో. అందులో మాఫీ అంటే లేదు అని. "తుఫాను మాఫీ. పోటు లెక్క మాఫీ. అంతా ఝూట్."

అందరూ ఇది కొత్త కథ అనుకుని సర్దుకుని కూర్చున్నారు. రాజన్న చెప్పాడు. అప్పట్లో ఫోను లేదు, రేడియో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అయిదో తరగతి చదివాడని దినాల లెక్క రాజన్నకే అప్పజెప్పారు. పొద్దుగూకగానే నీళ్ల తొట్టి గోడకు బొగ్గుతో ఒక గీత. ఆరు గీతలయ్యాక శుక్రవారానికి సున్నా. ఒక సోమవారం నాడు రాజన్న ఒకటి గీయవలసిన చోట రెండు గీశాడు. ఆ వారం నుంచి దీవి మీద గురువారమే శుక్రవారమైపోయింది. మూడు వారాలు ఆ రోజే సెలవనుకుని పని మానేసి, స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకున్నారు. నమాజు చేసేవాళ్లు పట్టా పరిచి నమాజు చేశారు. నాలుగో గురువారం తోట యజమాని అర్బాబు మనుషులతో ఫోర్‌మన్ లాంచీ దిగాడు. సరుకు దింపడానికి ఒక్కడూ లేడు. లెక్క ఎవడిదని అరిచాడు. రాజన్న మేకల వెనక్కి జరిగాడు. ముఖ్తార్ లేచి "తప్పు నాది, ఒక గీత ఎక్కువ గీసింది నేనే" అన్నాడు. ఆ లాంచీలోనే ముఖ్తార్‌ను అవతలి ఒడ్డున ముఐథర్‌లో ఉన్న వేరే తోటకు పంపేశారు. మూడు నెలలు రాజన్న వండిన మాడు అన్నం తిని ఇద్రీస్ ఏడిస్తే మళ్లీ తీసుకొచ్చారు. అప్పటికే పేరు స్థిరపడింది.

ముఖ్తార్ చేప ముల్లు తీస్తూ అన్నాడు: "నాకెరుకే. నీ వేళ్లకు బొగ్గు ఉండె ఆ పొద్దు. రెండో గీత గీసి దొంగ లెక్క అటిటు చూస్తివి."

"ఎరుకుండి ఎందుకు నెత్తిన వేసుకున్నవ్, భాయ్?"

"నీ బిడ్డ మాలతి పుట్టిందని గప్పుడే కదా ఖత్ వచ్చింది. దినాలు జల్ది గడిచి ఛుట్టీ రావాలని గీత ఎక్కువ గీసిండు, పాపం, అనుకున్న. బిడ్డ మీది పావురం, ప్రేమ. దానికి ఏం శిక్ష ఏస్తరు?"

రాజన్నకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఎంత చక్కటి కారణం! తనకెప్పుడూ తట్టనే లేదు. ఔనంటే చాలు, చాప చుట్టూ ఉన్న కళ్లన్నీ అతని కోసమే తడిసేవి. నోటిదాకా వచ్చిన ఔను మింగేశాడు.

"బిడ్డ కోసం కాదు, భాయ్."

"మరి?"

"శుక్రవారం శుక్రవారం మేకను కోసి యాట కూర ఒండుతుంటివి గద. వారమంత పప్పు తిని నాలుక సచ్చింది. ఒక్క దినం ఆగలేకపోయిన."

ముఖ్తార్ చేతిలోని చేప పళ్లెంలో జారిపడింది. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని రాజేందర్ సగం లేచాడు. అది నవ్వు. కళ్లనీళ్లు గడ్డంలోకి కారుతుంటే, మాట కూడగట్టుకుంటూ, "యాట కూర కోసమా! మా ఇంట్ల అక్తరున్నీసాకు ఎన్నిమార్లు జెప్పిన, రాజన్న బిడ్డకోసం కలవరించిండని! ఆమె ఏడ్చింది కూడా! బేషరమ్!" అన్నాడు. రాజన్న మెడ వంచి అతని వీపు నిమిరాడు. పందిరి గుంజలు ఊగేట్టు క్యాంపంతా నవ్వింది.

నవ్వు తగ్గాక ముఖ్తార్ తన పళ్లెం రాజన్న ముందుకు తోశాడు. "తిను. యాట కూర లేదు, పప్పే ఉన్నది. సావు."

నాలుగింటికి లాంచీ వచ్చింది. ఆ గంటలోనే పేరు రాజన్నకు బదిలీ అయింది. "యల్లా, జుమేరాత్ రాజన్నా, పెట్టె పట్టు!" అని బెంగాలీలు కేక వేస్తే, రాజన్న బిరుదు అందుకున్నంత దర్జాగా పెట్టె నెత్తికెత్తుకున్నాడు. ముఖ్తార్ కోరుట్ల వరస చివరిదాకా నడిచి, ఒక చెట్టు బోదె మీద అరచెయ్యి ఆనించి, వెనక్కి చూడకుండా పలక మీదుగా లాంచీ ఎక్కాడు. ఇద్దరూ చేతులు ఊపుకోలేదు. లాంచీ రువైస్ వైపు తిరిగేదాకా రాజన్న మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తర్వాత వెళ్లి పంపు కట్టేశాడు.

నాలుగో రోజు ఫోను మోగింది. కోరుట్ల నుంచి ముఖ్తార్. "బియ్యం కొలిచే నా పాల డబ్బా చూసినవా? కార్టన్ల పెట్టిన. ఇంట్ల అన్నం లెక్క కుదురుతలేదు."

"మాఫీ, భాయ్. సముద్రంల పడ్డదేమో."

క్యాంపులో మాత్రం ఆ డబ్బాను ముఖ్తార్ వెళ్లేటప్పుడు తన చేతిలో పెట్టి, "ఇగ నువ్వే కొలువాలె" అన్నాడని రాజన్న అందరికీ చెప్పాడు. ఆ ఒక్క ముక్క కల్పించిందేననీ, ముఖ్తార్ నమాజుకు కాళ్లు కడుక్కుంటుండగా కార్టన్ విప్పి తీసింది తనేననీ వారం తిరగకముందే రాజేందర్ దగ్గర ఒప్పుకున్నాడు. డబ్బా ఇప్పుడు బియ్యం బస్తా మీద బోర్లించి ఉంది. అంచు ఒకచోట లోపలికి నొక్కుకుపోయింది. ముఖ్తార్ బొటనవేలు ఆనే చోట రంగంతా పోయి, రేకు తెల్లగా మెరుస్తోంది.