మూడో బటన్ నొక్కితే

"మెనూ ఉంచాలి, ఎక్స్‌ట్రాలు తీసేయాలి. అంతే, ఇందులో బుర్ర పెట్టాల్సిన పని లేదు" అని షాపు ఓనరు మొదటి రోజే ఆమెతో చెప్పాడు. ఆరేళ్లు గడిచాయి. పనీ అదే, మాటా అదే. ఇళ్లలో పేరుకుపోయిన పాత డీవీడీలు జనం సంచుల్లో పట్టుకొస్తారు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి పెన్‌డ్రైవులో వేసి ఇవ్వడం ఆమె పని. మెనూ అంటే డిస్కు పెట్టగానే టీవీలో వచ్చే మొదటి బొమ్మ. వెనకాల సంగీతం, మధ్యలో ఫొటో, కింద బటన్లు. అది లేకపోతే కస్టమర్లు తమ డిస్కుని పరాయివాళ్లది చూసినట్టు చూస్తారు. ఎక్స్‌ట్రాలంటే అసలు కార్యక్రమంలో ఇమడక చివర్న తగిలించిన ముక్కలు. వాటిని ఎవరూ చూడరని ఓనరు నమ్మకం. తీసేసిన ముక్క చోట ఒక్క సెకను నల్లటి తెర వస్తుంది. బటన్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ మెనూ దగ్గరికే వస్తుంది.

కస్టమర్లు ఆమెని డిస్కులమ్మ అంటారు. ఇంట్లో ఆ మాత్రం పేరు కూడా లేదు. "మా కోడలు పొద్దస్తమానం బొమ్మలు చూస్తుంది, దానికి జీతం కూడా ఇస్తారట" అని అత్తగారు పక్కవాటా వాళ్లతో అంటుంది, వాళ్లు నవ్వుతారు, కోడలు కూడా నవ్వుతుంది. నవ్వకపోతే దానికి ఇంకో మాట పడాలి. పొద్దున ఐదింటికి లేచి మూడు డబ్బాలు సర్ది, అత్తగారి మాత్రలు పూటకో గడి చొప్పున పెట్టెలో పోసి, పాప జడలు అల్లి, బాత్రూములో అందరూ వదిలేసిన తడి తువ్వాళ్లు ఆరేసి, తొమ్మిదిన్నరకి షాపు తాళం తీస్తుంది. సాయంత్రం నడుం పట్టేసిందని అంటే భర్త టీవీలోంచి కళ్లు తిప్పకుండా, "మెషిన్ చేసే పనికి నీ నడుం ఎందుకు పట్టింది?" అంటాడు. కోపంతో అనడు. నిజంగానే అర్థం కాక అడుగుతాడు. అందుకే జవాబు చెప్పడం కష్టం.

ఒక మంగళవారం ఒక సూపరింటెండెంటు గారు వచ్చాడు. రిటైరై పదకొండేళ్లయిందట. వీడ్కోలు సభ డిస్కు తెచ్చాడు. ఫారం నిలబడే నింపాడు. ఎక్స్‌ట్రాలు కావాలా అన్నచోట అందరిలాగే వద్దు అని టిక్కు పెట్టాడు. పాత డిస్కు వెనక్కి కావాలా అన్నచోట కూడా వద్దు అనే పెట్టాడు. "ఇంట్లో చోటు లేదమ్మా, మీరే ముక్కలు చేసి పారేయండి" అన్నాడు. ఒక్కటే డిస్కుకి చోటేమిటో ఆమెకి అర్థం కాలేదు, కానీ అడగడం తన పని కాదు.

డిస్కు తెరిస్తే మెనూలో ఆయన కుర్చీలో కూర్చుని ఉన్న ఫొటో, మూడు బటన్లు. మొదటిది సభ, రెండు గంటల పది నిమిషాలు, తొమ్మిది ఉపన్యాసాలు. రెండోది ఫొటోలు. మూడోదాని మీద 'ఇంటి దగ్గర' అని ఉంది. తీసేసే ముందు డిస్కులమ్మ దాన్ని ఒకసారి నడిపి చూసింది. ఎప్పుడూ చూడదు. ఆ రోజెందుకో చూసింది.

వంటిల్లు. పొయ్యి దగ్గర ఒక పెద్దావిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. కింద అక్షరాలు వచ్చాయి: సూపరింటెండెంటు గారి సతీమణి. కెమెరా వెనక నుంచి ఎవరో "సారు గురించి రెండు మాటలు చెప్పండమ్మా" అన్నారు. ఆవిడ సారు గురించి మొదలుపెట్టనే లేదు. "నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను బాబూ. నాలుగొందల నంబర్లు నోటికి వచ్చేవి" అంది. అక్కణ్ణుంచి ఏడు నిమిషాలు ఆగలేదు. మధ్యలో కుక్కరు కూత పెడితే చెయ్యి చాచి పొయ్యి ఆపి, ఆపిన వాక్యం దగ్గర్నుంచే అందుకుంది. డిస్కులమ్మ చివరిదాకా చూసింది. చూసి, మళ్లీ మొదట్నుంచి పెట్టింది.

తీసేయాల్సింది చోటు లేక కాదు. పెన్‌డ్రైవులో సగం ఖాళీయే. ఆ సంగతి ఆమెకి ఆ క్షణంలోనే తెలుసు. ఉంచేస్తే ఓనరుకి తెలియదు, సూపరింటెండెంటు గారికీ తెలియదు. కానీ ఫారం మీద వద్దు అని ఉంది. సరే, ఒక్కసారి అడిగితే పోతుంది కదా అని ఫారంలో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది. ఆయనే ఎత్తాడు. ఇంటి దగ్గర తీసిన ముక్క ఒకటి ఉంది, అమ్మగారు మాట్లాడినది, ఉంచమంటారా అని అడిగింది. "అదా! మా ఆవిడ సొద. తీసిపారేయమ్మా" అని నవ్వాడు. వెనక నుంచి ఒక గొంతు "ఎవరండీ ఫోను?" అంది. అదే గొంతు. పది నిమిషాల క్రితం రెండుసార్లు విన్న గొంతు. "షాపువాళ్లులే" అన్నాడాయన. ఆ ఫోను ఒక్క నిమిషం ఆవిడకి ఇవ్వండి అని అనొచ్చు. ఆ మాట నాలుక మీదకి వచ్చింది కూడా. ఇంతలో సంచిలో తన సొంత ఫోను మోగింది, భర్త. "ఇంకా బయల్దేరలేదా? పాప స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంటుంది. బొమ్మలు రేపు కూడా ఉంటాయి." ఆమె తెరమీద 'ఇంటి దగ్గర' పక్కనున్న టిక్కు తీసేసింది, ఓకే నొక్కింది, డిస్కుని ముక్కలు చేసే మెషిన్లో పెట్టింది. ఐదు చప్పుళ్లు చేసి ఆగిపోయింది మెషిను.

ఆ తర్వాత మూడు వారాలు ఆమెకి ఇంట్లో కుక్కరు కూత పెట్టినప్పుడల్లా చెయ్యి ఆగేది. నేనేం చేశాను, కస్టమరు చెప్పిందే కదా చేశాను అనుకునేది. కానీ కస్టమరెవరు? ముఖం ఆవిడది, గొంతు ఆవిడది, ఏడు నిమిషాలూ ఆవిడవి. ఆవిడ మాటలు ఉంచాలా వద్దా అని ఆవిణ్ణి తప్ప అందర్నీ అడగాలని తోచింది తనకి. పైగా అడిగానని తృప్తి కూడా పడింది. మగవాళ్లు అలా చేస్తే రోజంతా లోపల తిట్టుకునే మనిషి, తన వంతు వచ్చేసరికి ఆవిడ మొగుడి నంబరే తిప్పింది. భర్త రాత్రి భోజనాల దగ్గర "ఏంటి పరధ్యానం?" అంటే "ఏం లేదు" అంది. అత్తగారు "బొమ్మలు ఎక్కువై ఉంటాయి" అంది.

నాలుగో వారం గురువారం మధ్యాహ్నం పెద్దావిడ షాపు మెట్లెక్కి వచ్చింది. తెరమీద కన్నా సన్నబడింది. చేతిసంచిలోంచి పెన్‌డ్రైవు తీసి కౌంటరు మీద పెట్టింది.

"అమ్మా, ఇందులో మూడో బటన్ నొక్కితే నల్లగా వచ్చి పోతోంది. మొదటి రెండూ బానే ఉన్నాయి."

"మీరు చూశారా అండీ?"

"ఇప్పటిదాకా చూడలేదమ్మా. ఇంట్లో డిస్కు పెట్టినప్పుడల్లా ఆయన మొదటి బటనే నొక్కుతారు. తొమ్మిది ఉపన్యాసాలూ నాకు కంఠతా వచ్చేశాయి. ఎవరు ఎక్కడ దగ్గుతారో కూడా చెప్పగలను." ఆవిడ నవ్వింది. "ఆ రోజు నేనేదో మాట్లాడాను. ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. మాట్లాడాక ఇదంతా ఎందుకు చెప్పానా అని భయమేసింది, అది గుర్తుంది. పదకొండేళ్లు ధైర్యం చాల్లేదు. మొన్న ఆయన కంటాస్పత్రికి వెళ్తే రిమోటు తీసి నొక్కాను. నల్లగా వచ్చింది."

ఓనరు గాజు గదిలోంచి అంతా వింటున్నాడు. లేచి వచ్చి డిస్కులమ్మ చెవి దగ్గర, "డిస్కులో గీతలున్నాయి, చదవలేదు అని చెప్పండి. ఫారం మీద ఆయన సంతకం ఉంది మన దగ్గర, భయం లేదు" అని మళ్లీ లోపలికి పోయాడు. తేలికైన మాట. గీతలు ఎవరి తప్పూ కాదు. పెద్దావిడ "పోనీలే, నా రాత" అని మెట్లు దిగి వెళ్లిపోతుంది. షాపు బాగుంటుంది, తనూ బాగుంటుంది, కుక్కరు కూత ఒక్కటే మిగులుతుంది.

"గీతలు కాదండీ" అంది డిస్కులమ్మ. "నేనే తీసేశాను. తీసే ముందు మీ వారికి ఫోన్ చేసి అడిగాను. మిమ్మల్ని అడగలేదు. మీ గొంతు వినపడింది కూడా, అయినా అడగలేదు. డిస్కు కూడా లేదు. ముక్కలు చేసింది కూడా నేనే."

పెద్దావిడ పెన్‌డ్రైవుని సంచిలో పెట్టుకోలేదు.

"ఆయన ఏమన్నారు?"

"సొద అన్నారండీ."

"పెళ్లైన కొత్తలోనూ అదే మాట. మార్చుకోలేదు పాపం." కుర్చీ లాక్కుని కూర్చుంది. "నువ్వు చూశావా?"

"రెండుసార్లు చూశాను."

"అయితే చెప్పు. నేనేం మాట్లాడానో విందాం."

డిస్కులమ్మ కంప్యూటరు ఆపేసి కౌంటరు ఇవతలికి వచ్చి ఎదురుగా కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. ఎక్స్ఛేంజిలో పద్దెనిమిది మంది ఆడపిల్లలు ఒకే బల్ల ముందు కూర్చునేవారట. రాత్రి డ్యూటీలో నిద్ర రాకుండా ఒకరి నంబర్లు ఒకరు అప్పజెప్పుకునేవారట. ఎవరో ముసలాయన రోజూ ఫోన్ చేసి, నంబరేమీ అడగకుండా టైమెంతమ్మా అని మాత్రం అడిగేవాడట. పెద్దావిడ "అవునవును, గడియారం తాతయ్య" అంది. కళ్లు మెరిశాయి. రెండో పిల్లవాడు పుట్టాక సెలవు అయిపోయిందని, సూపర్వైజరమ్మ మూడుసార్లు ఇంటికి కబురు పెట్టిందని, నాలుగోసారి ఈవిడే వెళ్లి రాజీనామా కాగితం రాసిచ్చిందని చెప్పింది. పెద్దావిడ తల ఊపింది. గాజు గదిలో ఓనరు గడియారం చూసుకున్నాడు. డిస్కులమ్మ ఆగలేదు. గొంతు ఎక్కడో పట్టు దొరికించుకుంది, తనకి తెలియకుండానే వేగం పెరిగింది.

"తర్వాత ఇలా అన్నారు: 'కొన్నేళ్లకి ఒక పెద్ద కంపెనీ నుంచి నాకు పిలుపొచ్చింది. నా పని చూసి వాళ్లే పిలిచారు. ఫోను మా ఆయన ఎత్తాడు. ఆవిడకి కుదరదులెండి అని చెప్పేసి పెట్టేశాడు. నాతో అనలేదు. నాలుగు నెలల తర్వాత వేరేవాళ్లు చెబితే తెలిసింది. తెలిసిందని నేనూ ఆయనతో అనలేదు. ఆ రాత్రి కూడా అడగ్గానే లేచి మంచినీళ్లు ఇచ్చాను.' అక్కడితో అయిపోయింది."

పెద్దావిడ తల ఊపడం ఎప్పుడు ఆపేసిందో డిస్కులమ్మ గమనించలేదు.

"చివర్లో చెప్పింది నాది కాదమ్మా" అంది ఆవిడ మెల్లగా.

"మీరే అన్నారండీ. నేను రెండుసార్లు..."

"మానేశాక నన్నెవరూ పిలవలేదు. ఒక్క ఫోనూ రాలేదు. కాగితం నేనే రాసిచ్చాను, ఆయన వద్దనీ అనలేదు, ఉండమనీ అనలేదు. తప్పు మోపడానికి మనిషి దొరకలేదనే ఆ రోజు నా ఏడుపంతా. ఇంకొకరు ఎత్తిన ఫోను గురించి నేనెందుకు చెబుతాను?"

డిస్కులమ్మ ఆ ఏడు నిమిషాల చివర ఏముందో గుర్తు చేసుకోవాలని చూసింది. పొయ్యి, కొంగు, కదులుతున్న పెదవులు కనిపించాయి. మాట వినపడలేదు. అక్కడ తన మాటే నిండిపోయి ఉంది. ఆవిడది ఒకసారి మెషిన్లో పోగొట్టింది, ఇప్పుడు నోటితో రెండోసారి.

పెద్దావిడ వంగి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఎవరిదమ్మా అది?"

గాజు తలుపు తెరుచుకుంది, ఓనరు గుమ్మంలో నిలబడ్డాడు. డిస్కులమ్మ గొంతు తగ్గించలేదు.

"నాదండీ" అంది. "నన్నే పిలిచారు."