గవాచికి మూత

ఏసీ కొంటున్నారని తెలిస్తే ఊళ్లో సలహా ఇవ్వనివాడు పాపాత్ముడు. ఎన్నడూ పలకరించనివాళ్లు కూడా నారాయణమ్మ గడప దాకా వచ్చి టన్నుల లెక్క చెప్పిపోతున్నారు. ఆమె అందరికీ తలూపుతోంది. ఏడుపూ రావడం లేదు, కోపమూ రావడం లేదు.

ఏసీ ఆమె భర్త పుల్లన్న కోసం. నిరుడు వేరుశనగ బస్తాల ట్రాక్టరు మీంచి పడి మెడ విరిగింది. మెడ కింద స్పర్శ లేదు, చెమట కూడా పట్టదు. చెమట పట్టని ఒంట్లోంచి వేడి ఎట్లా పోతుంది? ఈ ఎండాకాలం గది చల్లగా లేకపోతే మనిషి దక్కడని అనంతపురం డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

గది చూడడానికి మెకానిక్ కిరణ్ వచ్చాడు.

"కూలరు చాలదాన్నా? మన ఎండుగాలికి బాగా పనిచేస్తాదంట" అని అడిగింది నారాయణమ్మ.

"పనిచేస్తాదిలే అక్కా. దానికి పోసేకి నీళ్లు యాడుండాయి?"

నిజమే. బోరు ఎండిపోయి తాగే నీళ్లకే ట్యాంకరు కోసం కాచుకోవాల్సి వస్తోంది.

ఆమె తమ్ముడు విష్ణువర్ధన్ మధ్యలో దూరాడు. "రెండు టన్నులది బిగించప్పా. మా బావకు చిన్నది పెడితే నలుగురూ ఏమనుకుంటారు?" మర్యాదను కూడా టన్నుల్లో తూచే రకం.

కిరణ్ టేపు పెట్టి కొలిచాడు. మట్టి మిద్దె, మందమైన గోడలు కాబట్టి ఒకటిన్నర టన్ను ధారాళంగా చాలన్నాడు. తల పైకెత్తి ఆగిపోయాడు. మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి, సరిగ్గా పుల్లన్న మంచానికి పైన ఉంది.

"ఇది మూసేయాల. లేకుంటే ఎంత పెద్దది పెట్టినా దండగే. అద్దం పెట్టినా ఎండ దిగుతాది. బండ పరిచి సిమెంటు పూయాల."

"మూయొద్దు" అన్నాడు పుల్లన్న. "నాకు మబ్బు కనపడేది ఆడే."

కూర్చోబెడితే కళ్లు తిరిగే మనిషికి ఆ రంధ్రమే ఆకాశం. మబ్బు పట్టినప్పుడల్లా ఊరివాళ్లు వచ్చి "ఏమన్నా, వానొచ్చి నేల పదునౌతాదా?" అని అడిగేవాళ్లు. గవాచిలోకి చూసి చెప్పేవాడు. సగం సార్లు తప్పేది, అది వేరే సంగతి.

"పూసేయన్నా" అంది నారాయణమ్మ. ముందు మనిషి ఉండాలి. ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు.

ఏసీ బాగా పనిచేసింది. జ్వరం దగ్గరికి రాలేదు. పుల్లన్న బండను చూస్తూ పడుకునేవాడు. ఆకాశం లేని మనిషిని వాన సంగతి ఏం అడుగుతారు? వచ్చేవాళ్లూ మానుకున్నారు.

మృగశిర కార్తెలో ఒక మధ్యాహ్నం వాన దంచింది. ఊరంతా వీధిలోకి ఉరికింది. నారాయణమ్మ వాకిట్లో తడుస్తూ నిలబడి, సంతోషం వస్తుందేమోనని చూసింది. రాలేదు. మందపాటి గోడలు, ఏసీ మోత దాటి లోపలికి ఏ చప్పుడూ పోదు. కాసేపటికి దుప్పటి సర్దడానికి లోపలికి వెళ్లింది.

"బయట మబ్బేమన్నా పట్టిందా?" అన్నాడు పుల్లన్న.

చెబితే గవాచి తీయమంటాడు. బండ పగలగొడితే రేపటి ఎండకు మనిషి మిగలడు.

"యాడిది? మండిపోతాంది" అంటూ వంగి దుప్పటి సర్దింది. కొప్పులోంచి నీళ్లు కారి అతని నుదుటి మీద పడ్డాయి. అతనికి స్పర్శ తెలిసేది అక్కడే.

పుల్లన్న ఆమె మొహంలోకి చూశాడు. తడిసిన కొప్పు వైపు చూశాడు.

"అట్లయితే తలుపేసి రా" అన్నాడు. "ఎండ లోపలికొస్తాది."