డెబ్బై ఏడు దాకానే

కామమ్మ గరుకు కాగితాన్ని మడిచి గరిటె గుంటలో పెట్టి బొటనవేలితో గుండ్రంగా రుద్దుతోంది. కాడ కాస్త గరుకుగా ఉన్నా కొనేవాళ్ళు సర్దుకుంటారు గాని, గుంటలో గరుకుంటే ఒప్పుకోరు. నర్ది కర్ర పొడి ఆమె మోచేతుల దాకా పేరుకుంది. చూపు పని మీదే ఉన్నా చెవి మాత్రం మొగుడి ఊపిరి మీద ఉంది. వసారా గుంజకు ఆనుకుని ప్రేమానందం కాళ్ళ మధ్య కర్రముక్క ఇరికించుకుని ఉలితో గుంట తీస్తున్నాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా వాషరు పోయిన సైకిల్ పంపు చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు పెరిగితే ఆమె లేచి వీపు నిమురుతుంది. తగ్గితే మళ్ళీ పనిలో పడుతుంది. కొన్నాళ్ళుగా ఇంట్లో పనులన్నీ ఆ చప్పుడును బట్టే నడుస్తున్నాయి.

ఇన్నేళ్ళు పీల్చిన కర్రపొడి ఊరికే పోతుందా అని డాక్టరు తిట్టాడు. ఆ డాక్టరు నెల్లూరు నుంచి శుక్రవారం మాత్రమే ఆత్మకూరు వస్తాడు, ఒంటిగంటకల్లా వెళ్ళిపోతాడు. ఈ రోజు శుక్రవారమే. పడుకుంటే ఊపిరాడక ప్రేమానందం రాత్రంతా కూర్చునే ఉన్నాడు. పొద్దున ఆమె గంజి కాచి, ఉప్పు జాడీలో ఉండే చిన్న గరిటెతో ఉప్పు తీసి కలిపి ఇస్తే, రెండు గుక్కలు తాగి పక్కన పెట్టాడు. పని మానుకోమంటే వినలేదు. చేతులు ఖాళీగా ఉంటే ధ్యాసంతా ఊపిరి మీదికే పోతోందన్నాడు.

ఆత్మకూరు పోయే తొమ్మిది గంటల బస్సు వీధి చివర హారన్ కొట్టినా ఆమె లేవలేదు. చైత్ర కారు వస్తుంది కదా అనుకుంది.

చైత్ర యూనివర్సిటీలో పిహెచ్‌డి చేస్తోంది. ఎమర్జెన్సీ రోజుల్లో ఈ పల్లెల్లో బలవంతంగా చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల మీద ఆమె పరిశోధన. నిన్న ఫోన్ చేసి, ఒక గంట మాట్లాడితే చాలని, తర్వాత తాతని తానే ఆత్మకూరు ఆస్పత్రిలో దింపుతానని చెప్పింది. కామమ్మకి ఈ పరిశోధనల వాళ్ళంటే ఒళ్ళుమంట. మొదట వచ్చినాయన పుస్తకం పంపిస్తానని వెళ్ళి మళ్ళీ మొహం చూపించలేదు. తర్వాత హర్ష అని ఒకడు వీడియో కెమెరాతో వచ్చాడు. ఆమె చెబుతూ చెబుతూ ఏడిస్తే, వెలుతురు సరిగా పడలేదు, ఆ ముక్క ఇంకోసారి చెప్పమన్నాడు. ఆ ముక్క అంటే ఏడ్చిన ముక్క. ఇంకెవర్నీ గడప తొక్కనివ్వకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. మొగుడు బస్సు మెట్టు ఎక్కలేకుండా ఉన్నప్పుడు ఆ ఒట్టు దేనికి పనికొస్తుంది? కారు కోసం ఒప్పుకుంది. ఒక్క కారు కోసమే.

కారు పది దాటాక వచ్చింది. చైత్ర మర్యాద తెలిసిన పిల్లే. చెప్పులు బయట విడిచింది, అవ్వా తాతా అంటూ ఇద్దరికీ దణ్ణం పెట్టింది, పండ్ల సంచి గోడ వారగా పెట్టింది. దారిలో ఆలస్యమైందని నొచ్చుకుంది. ముందు ఆస్పత్రికి పోయి వచ్చాక కూర్చుందామా అని కామమ్మ అడిగితే, సాయంత్రం మర్రిపాడులో ఇంకొకరిని కలవాలని, ఇక్కడ త్వరగా ముగించుకుంటే ఒంటిగంటలోపు సులువుగా చేరతామని అంది. కారు ఆమెది. కామమ్మ చాప పరిచింది.

ప్రేమానందాన్ని అడిగి లాభం లేదని చైత్రకు ముందే ఎవరో చెప్పినట్టున్నారు. తనకు చేసిన ఆపరేషన్ సంగతి ఆయన జన్మలో నోరు విప్పి చెప్పలేదు. ఎవరడిగినా కామమ్మ వైపు చేయి చూపిస్తాడు. చైత్ర ఆమె పైటకు చిన్న మైకు తగిలించి, దాని వైరు తన ఫోనుకు కలిపింది. గరుకు కాగితం చప్పుడు రికార్డింగులో పడుతోందని పని ఆపమంది. ఆమె ఆపింది. చైత్ర చెవిలో ఏదో పెట్టుకుని విని, మొహం ఇబ్బందిగా పెట్టింది.

"తాతని కొంచెం అవతల కూర్చోమందామా అవ్వా? ఆయన ఊపిరి చప్పుడు మీ మాటల మీద పడుతోంది."

కామమ్మ జవాబు చెప్పేలోపే ప్రేమానందం గుంజ పట్టుకుని లేచాడు.

"నేను పాకలో కూచుంటాలే మే. నువ్వు తొందరగా చెప్పేయ్."

ఉలి, సగం తీసిన గరిటె చేతబట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, ఇంటి వెనక కర్రల పాకలోకి వెళ్ళాడు. ఆ చప్పుడు సన్నగిల్లి వినపడకుండా పోయింది. రికార్డింగు శుభ్రంగా వస్తోందని చైత్ర సంతోషించింది.

కామమ్మ చెప్పింది. పెళ్ళయిన ఏడే అది. గరిటెల మూట భుజాన వేసుకుని బస్టాండులో నిలబడి ఉన్నవాణ్ణి జీపులో ఎక్కించుకుపోయారు. మునసబుకు ఇంతమందిని పట్టుకురావాలని లెక్క కట్టి చెప్పారు, ఆయనకు తమ పేటే కనపడింది. క్యాంపులో పిల్లలెంతమంది అని అడిగితే ప్రేమానందం ఇంకా లేరన్నాడు. పక్కనున్న మునసబు ఇద్దరని చెప్పాడు. పుట్టని పిల్లలిద్దరికి తండ్రిని చేసి బల్ల మీద పడుకోబెట్టారు. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దగ్గర ఆమెకు పళ్ళు బిగుసుకుంటాయి.

చైత్ర ఆగనివ్వలేదు. అది ఏ నెల, గుడారం వేశారా బడిలోనా, పోలీసులున్నారా, ఇంటికి ఎలా వచ్చాడు, ఆ రాత్రి మీకేమనిపించింది? వసారాలో ఎండ గుంజ దాటింది. ఇంక పోదాం పాపా అని కామమ్మ రెండుసార్లు అంది. రెండుసార్లూ ఇంకొక్క ప్రశ్నే అంది చైత్ర.

అప్పుడు కామమ్మ అడగని సంగతి ఎత్తుకుంది. పుట్టబోయే బిడ్డకు ఉగ్గు పెట్టడానికని ఆయన పెళ్ళయిన కొత్తలోనే ఒక చిన్న గరిటె చెక్కాడు. క్యాంపు నుంచి వచ్చి నడవగలిగిన రోజున దాన్ని పొయ్యిలో వేయబోయాడు. ఆమె లాక్కుని ఉప్పు జాడీలో పెట్టింది. రోజూ వాడే వస్తువైతే పొయ్యిలో వేయడు కదా అని. తన కన్నతల్లి వచ్చి, బిడ్డల్లేని కాపురం ఎందుకు, నీకు మారు మనువు చేస్తానంటే కామమ్మ చీపురు తీసింది. ఆయన తాగలేదు, కొట్టలేదు, ఒకరి ముందు తలదించుకునే పని చేయలేదు. ఆయన చెక్కిన గరిటెలు పట్నాల్లో ఎవరెవరి వంటిళ్ళలోనో ఉన్నాయి...

చైత్ర చేయి అడ్డం పెట్టింది.

"అవ్వా, నా పరిశోధన కాలపరిధి డెబ్బై ఏడు మార్చి దాకానే. తర్వాత జరిగినవి రాస్తే గైడు ఒప్పుకోరు. ఆ క్యాంపు రోజే ఇంకొంచెం వివరంగా చెప్తారా?"

కామమ్మకు అందరి మీదా కోపం వచ్చింది. ముందు వచ్చినవాళ్ళ మీద, మునసబు మీద, ఈ పిల్ల మీద, కారుకు ఆశపడి బస్సు వదిలేసిన తన మీద.

"డెబ్బై ఏడులోనే సచ్చిపొయ్యినాడా ఆయన? వచ్చినోళ్ళంతా ఆ దినం గురించే అడగతారు. ఆ దినం ఆయన్ని జీపులో ఏసుకపోయినోళ్ళ కత అది. ఆయన కత ఆ తరవాతే ఉండాది. అది మీకెవురికీ పన్లేదా?"

మాట ఆగాక కామమ్మ అలవాటు కొద్దీ చెవి పెట్టింది. ఏమీ వినపడలేదు. పాకలో ఉన్నాడు కదా, వినపడదులే అనుకుంది. లేచింది. పైటకున్న మైకు వైరు సాగి ఫోను కింద పడినా వెనక్కి చూడలేదు.

ప్రేమానందం పేర్చిన కర్రలకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఉలి ఒడిలో ఉంది. చొక్కా మీద కర్ర తొక్కలు పడి ఉన్నాయి, అవి కదలడం లేదు. ఆమె పక్కన చతికిలబడి, ముక్కు దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నది.

చైత్ర ఏడుస్తూ వచ్చింది. డ్రైవరు కారు తలుపులన్నీ తెరిచిపెట్టాడు. ఇప్పుడే ఆత్మకూరు పోదాం, డాక్టరు ఇంకా ఉంటాడు అవ్వా అంటోంది. కామమ్మ ఆయన చొక్కా మీది తొక్కలు ఒక్కొక్కటే ఏరింది.

"ఇప్పుడు ఏ చప్పుడూ లేదు పాపా. ఎంత కావాలంటే అంత రికార్డు చేసుకో."

కారు వెళ్ళిపోయింది. పేట జనం చేరారు, పాస్టరుకు కబురు పోయింది. పక్కింటి శీనమ్మ పొద్దుటి గంజి వెచ్చబెట్టి, ఉప్పు కలిపి తెచ్చి, ఒక్క గుక్కైనా తాగమని బతిమాలింది. కామమ్మ ముట్టలేదు.

వంటింట్లో ఉప్పు జాడీకి మూత పెట్టడం శీనమ్మ మరిచిపోయింది. ఉప్పులో సగం దాకా దిగబడి, పసిబిడ్డ నోటికి సరిపోయేంత గుంటతో, ఆ చిన్న గరిటె ఉంది.